రేడియేటర్ మీద పెరుగు

మొన్న ఒక పాత హోటల్లో, ఆవిరితో గదిని వేడిచేసే ఇనుప రేడియేటర్ బుస్సుమనగానే నాకు నాన్న మీద కోపం వచ్చింది.

ఎనభైల్లో, చికాగో చలికి అమ్మ పాలు తోడేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి రేడియేటర్ మీద పెట్టేది. ఒకరోజు హోంవర్క్ చేసుకుంటూ, ఆ బుసలు భరించలేక నేను వాల్వ్ కట్టేశాను.

హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చిన నాన్న అన్నంలో పెరుగు వేసుకోబోతే పాలే జారాయి.

"రోజంతా ఇంట్లోనే ఉంటావు, పెరుగు కూడా తోడుపెట్టలేవా?" అని కంచం తోసేశాడు.

అమ్మ రేడియేటర్‌ని తాకి చూసింది. తర్వాత నావైపు చూసింది.

"పాలు మరీ చల్లారాక తోడేశానండి," అంది.

అమ్మ కనిపెట్టలేదనుకుని నేను సంబరపడ్డాను.

కంచం తోసినందుకు నాన్నని ఇప్పటికీ క్షమించలేదు. వాల్వ్ కట్టేసింది నేనేనని ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.