చెరసాల నాయకుడి ఇంట్లో పిల్లలెంతమంది

బైబిలు చదవడం వచ్చిన మగవాళ్ళ మీద నాకున్న గౌరవం మా అమ్మ మంచాన పడ్డ వేసవిలో పోయింది.

అప్పటికి నేను సామర్లకోట దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులమ్మని. దొరసాని గారి బడిలో చదివే రోజుల్లోనే నా తల మీద నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇచ్చారు. అమ్మ మాత్రం సంఘంలో కలవలేదు. ఊడ్పులకీ కోతలకీ పోతూ బతికింది. ఆ ఏడు కాలవ కట్టేసి పూడిక తీస్తుంటే మట్టి మోయడానికి వెళ్ళింది. ఎవరిదో పార తగిలి మోకాలి కింద తెగింది. పది రోజుల్లో కాలు చీము పట్టింది, జ్వరం దిగలేదు.

"నన్ను కూడా మీ దేవుడిలో కలిపెయ్యవే అమ్మాయీ" అంది ఒక పొద్దున.

మా సంఘం ఉపదేశికి కబురు పంపాను. వాసన పట్టినట్టు రెండో సంఘం ఉపదేశి కూడా వచ్చాడు. మాది చంటిపిల్లలకి కూడా నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇచ్చే సంఘం, వాళ్ళది పెద్దవాళ్ళనే నీళ్ళలో ముంచే సంఘం. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. అమ్మ మంచం పక్కనే పీటల మీద కూర్చుని, బైబిల్లోని చెరసాల నాయకుడి కథ తీశారు.

"ఇంటివాళ్ళందరూ బాప్తిస్మం పొందారని రాసుంది కదండీ. ఇల్లన్నాక చంటిపిల్లలుండరా?" అన్నాడు మావాడు.

"ఉన్నారని ఎక్కడ రాసుందండీ? ఇంటిల్లిపాదీ వాక్యం విన్నారనీ రాసుంది. చంటిపిల్లకి వాక్యం ఏం తెలుస్తుందండీ?" అన్నాడు రెండోవాడు.

"జైల్లో ముంచడానికి చెరువెక్కడిదండీ?"

"పెద్ద గోలెం ఉండదాండీ?"

ఎవరూ చూడని ఆ ఇంట్లో పిల్లలెంతమందో, గోలెం ఎంత లోతో తేల్చడానికి వాళ్ళకు మధ్యాహ్నం దాటింది. రెండుసార్లు మజ్జిగ ఇచ్చాను, తాగారు. అమ్మ కాలి మీద ఈగలు ముసురుతుంటే ఒక్కడూ చెయ్యి విదిలించలేదు.

"మా అమ్మ చంటిపిల్ల కాదండీ. ఈవిడ సంగతి చెప్పండి" అన్నాను.

పది ఆజ్ఞలూ, విశ్వాస ప్రమాణమూ తప్పు లేకుండా అప్పజెబితే మిషను దొరగారికి రాస్తానన్నాడు మావాడు. కాలవకి నీళ్ళు వదిలాక తీసుకురమ్మన్నాడు రెండోవాడు. నీళ్ళు వదలడానికి ఇంకా నెల పైగా ఉంది.

"ఆ కథేంటో నాకూ చదివిపెట్టవే" అంది అమ్మ.

చదివాను. ఇద్దరు బోధకుల్ని కొట్టి చెరలో వేయడం, భూకంపం రావడం, చెరసాల నాయకుడు వాళ్ళని బయటికి తీసుకొచ్చి గాయాలు కడగడం, ఆ తర్వాత బాప్తిస్మం పొందడం, ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టడం. అమ్మ కళ్ళు మూసుకుని వింది.

"ముందు గాయాలు కడిగాడా?"

"కడిగాడమ్మా."

అమ్మ వాళ్ళ వైపు తల తిప్పింది. "అయ్యగారూ, ఆ కడగడం మీ ఇద్దరి పుస్తకాల్లోనూ ఉందాండీ?"

"అది ముఖ్యమైన సంగతి కాదమ్మా" అన్నాడు మావాడు. "అవునండీ, కాదు" అన్నాడు రెండోవాడు. పొద్దుటి నుంచి వాళ్ళిద్దరూ ఒప్పుకున్నది ఆ ఒక్క మాటే.

నేను లేచి వేపాకు వేసి నీళ్ళు కాచాను. కాలు కడిగి, పాత చీర చింపి కట్టు కట్టాను. తర్వాత చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరున అమ్మ తల మీద పోశాను.

"ఆడదానివి, నువ్విస్తావా బాప్తిస్మం!" అని మావాడు లేచి నిలబడ్డాడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి విశ్వాసి ఎవరైనా ఇవ్వొచ్చని మా సంఘం నియమాల్లోనే ఉంది. ఆయనకు ఆ పుట తెలియదు. రెండోవాడు నవ్వి, "తల తడిసిందండీ, అంతే" అన్నాడు. ఇద్దర్నీ బయటికి పొమ్మన్నాను. అమ్మకి గంజి పట్టాను. చాలా రోజుల తర్వాత గిన్నెడూ తాగింది.

నాలుగో రోజున అమ్మ పోయింది. ఇద్దరూ వచ్చారు గానీ, ఒకడుంటే రెండోవాడు ప్రార్థన చెయ్యనన్నాడు. మా అన్నదమ్ములు మట్టి కప్పుతుంటే, గాయాలు కడిగిన ఆ వాక్యం నేనే చదివాను.

మావాడు నా మీద దొరగారికి ఫిర్యాదు రాశాడు. దొరగారు నియమాలు తిరగేసి, ఆ బాప్తిస్మం చెల్లుతుందన్నారు. ఆ మాట చెప్పడానికి ఉపదేశి బడికి వచ్చాడు, తనే దయతలచి ఇప్పించినట్టు ముఖం పెట్టుకుని. నేను పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను, ఆపలేదు. గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.