నీళ్ళు తగలని వాచీ

మా మరిది ఓడల అడుగున పనిచేసేవాడు. విశాఖ రేవులో ఆగిన ఓడల కిందికి దిగి, ఓడని నడిపే అడుగు ఫ్యానుకి చుట్టుకున్న తాళ్ళు కోయడం, నాచు గీకడం, చిన్న చిన్న పగుళ్ళకి అతుకులు వేయడం అతని పని. ఒకసారి ఒక గ్రీకు ఓడ ఫ్యానుకి ఇనుప తాడు చుట్టుకుని, రేవు వదలలేక నిలిచిపోయింది. మా మరిది పొద్దున్నుంచి సాయంత్రం దాకా దిగుతూ తేలుతూ దాన్ని విడిపించాడు. ఆ ఓడ కెప్టెన్ తన చేతికున్న వాచీ విప్పి ఇతని చేతికి పెట్టాడు. స్విట్జర్లాండులో తయారైనది, సముద్రంలో మునిగి పనిచేసేవాళ్ళ కోసమే చేసినది.

అప్పటికి నేను పెళ్ళై, కొండల మీది ముంచింగిపుట్టు వచ్చి నాలుగైదేళ్ళు. మా పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ భీమిలి వైపే. మావారు సంతలు తిరిగి తిరిగి చివరికి ఆ కొండల్లోనే కొట్టు పెట్టారు. ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు అమ్మేవాళ్ళం. కొండవాళ్ళ దగ్గర చింతపండు, నూనెకి ఆడే వలిసె గింజలు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కొనేవాళ్ళం. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి ఈయనే పెంచారు. తను బడి మానేసి వాణ్ణి చదివించారు. ఇది నిజం. తర్వాత జరిగిన వాటన్నిటికీ ఈ నిజాన్నే అడ్డం పెట్టుకున్నారు గానీ, నిజం కాకపోలేదు.

డెబ్భైల్లో రేవు పనివాళ్ళని గల్ఫుకి తీసుకెళ్ళడం మొదలైంది. మా మరిదికీ పిలుపు వచ్చింది. చెప్పి వెళ్దామని జీపెక్కి ఘాట్ రోడ్డంతా కుదుపులు తిని మా ఇంటికి వచ్చాడు. భోజనం అయ్యాక వాచీ విప్పి అన్నగారి ముందు పెట్టాడు.

"అక్కడ ఒకే గదిలో పదిమందిని పడేత్తారంట అన్నియ్యా. మునగడానికి కావల్సిన సామానంతా వాళ్ళే ఇత్తారంట. దీన్ని నీ కాడ ఉంచు. వొచ్చాక తీసుకుంటాను."

నేను చేతిలోకి తీసుకుని చూశాను. తూకం రాయంత బరువు. నల్లటి ముఖం, దాని మీద లావుపాటి చుక్కలు, వాటికి రేడియం పూత. అంచు చుట్టూ ఒక చక్రం, తిప్పితే టిక్కు టిక్కుమంటూ తిరుగుతుంది.

"ఇదెందుకు?" అని అడిగాను.

"దిగీముందు దాన్ని పెద్ద ముల్లు కాడికి తిప్పుకుంటాను వొదినా. ఎంతసేపైనాదో సూపిత్తాది. గాలి అయిపోకముందే పైకొచ్చీయాలి గదా."

మర్నాడు వెళ్ళిపోయాడు. మావారు వాచీని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. కొన్నాళ్ళకి తీసి చూస్తే ఆగిపోయి ఉంది. అది కీ ఇచ్చే వాచీ కాదు, చెయ్యి కదులుతుంటేనే నడుస్తుంది. "ఇలాగ వొదిలేత్తే మిషను పాడైపోతాది. తమ్ముడొచ్చీవరకూ నేను పెట్టుకుంటాను," అన్నారు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

చూస్తుండగానే ఆ వాచీ మా కొట్టు కంటే పెద్దదైపోయింది. ఫారెస్టు ఉద్యోగులు, దగ్గర్లోని జోలాపుట్టు డ్యాము ఇంజనీర్లు, కాఫీ తోటల ఆఫీసర్లు సిగరెట్టు కొనడానికి వచ్చి అరగంట నిలబడేవారు. సంతరోజు కొండవాళ్ళు ఆ చక్రం చప్పుడు వినడానికి చెవి దగ్గర పెట్టమని అడిగేవారు. అంతకు ముందు మావారిని 'ఉప్పు సావుకారు' అనేవారు, ఇప్పుడు 'వాచీ సావుకారు' అయ్యారు. డ్యాము ఇంజనీరు ఒకాయన తన మోటారు సైకిలు ఇస్తాను, వాచీ ఇచ్చెయ్యమన్నాడు. ఈయన నవ్వి ఊరుకున్నారు. ఆ రోజంతా ఆ నవ్వు ముఖం మీదే ఉంది. మొదట్లో "మా తమ్ముడిది" అనేవారు. కొన్నాళ్ళకి "మా ఇంట్లోది" అయింది. తర్వాత "ఓడ కెప్టెన్ ఇచ్చినాడు" అనడం విన్నాను. ఎవరికి ఇచ్చాడో చెప్పేవారు కాదు.

సముద్రంలో మునిగే వాచీకి ఈయన ఒక్క చుక్క నీళ్ళు తగలనిచ్చేవారు కాదు. చేతులు కడుక్కోవాలంటే ముందు వాచీ తీసి నాకిచ్చేవారు. వాన వస్తే నూనె కాగితంలో చుట్టి జేబులో పెట్టుకునేవారు. మీద గీతలున్నాయని విశాఖ తీసుకెళ్ళి పాలిషు పట్టించారు.

రెండేళ్ళు దాటాక మరిది దగ్గర్నుంచి కబురొచ్చింది, వస్తున్నానని. మావారు ఆ రోజు సరిగ్గా తినలేదు. మర్నాడు అవతలి ఒడ్డు సంతకి పడవ మీద వెళ్ళి, వట్టి చేత్తో తిరిగొచ్చారు.

"వాచీ జోలాపుట్టు నీళ్ళల్లో పడిపోనాదే. గొలుసు ఊడిపోనాది."

నేను నమ్మాను. ఆ పిల్లాడికి ఏం చెప్తామని ఏడ్చాను కూడా.

మరిది అన్నగారికి ట్రాన్సిస్టరు, నాకు చీర, సబ్బులు తెచ్చాడు. వాచీ సంగతి చెప్పాం. "నీళ్ళల్లోనే గదా పడింది. నా పనే అది. సోటు సూపించు అన్నియ్యా," అన్నాడు.

అప్పుడు మావారి ముఖం చూశాను. నాకు ఏదో అనుమానం తగిలింది గానీ, దాన్ని మనసులోనే తోసేశాను.

సంక్రాంతికి ముందటి చలి. పొద్దెక్కినా నీళ్ళ మీద మంచు విడిచేది కాదు. పడవ నడిపే ముసలాయన కొండ మనిషి. డ్యాము కట్టినప్పుడు వాళ్ళ ఊరు, పొలాలు ఆ నీళ్ళ కిందికే పోయాయి. మావారు ఒడ్డు మీద కూర్చుని, "అల్లక్కడ, ఆ సెట్టు మోడు కాడ," అని చెయ్యి చూపించేవారు. మరిది నడుముకి తాడు కట్టుకుని, రాయి పట్టుకుని దిగేవాడు. గాలి సామానేమీ లేదు. పైకొచ్చి, దగ్గి, మళ్ళీ దిగేవాడు. కింద మునిగిపోయిన చెట్ల కొమ్మలు, గోడలు, బురద.

"బాబూ, మా ఊరే ఆ కిందున్నాది. ఊరే మాకు దొరకనేదు. గడియారం నీకెలాగ దొరుకుతాది?" అన్నాడు పడవాయన. అతను వేళాకోళానికి అనలేదు, చలికి వణుకుతున్న మనిషిని ఆపుదామనే అన్నాడు. మరిది నవ్వి మళ్ళీ దిగాడు.

రెండో రోజు సాయంత్రానికి ముక్కులోంచి రక్తం వచ్చింది. "సాలు, వదిలీరా," అని నేనన్నాను. "ఇంకొక్క రోజు వొదినా," అన్నాడు.

మర్నాడు వాళ్ళిద్దరూ వెళ్ళాక, చారులోకి చింతపండు కోసం వెనక కొట్టుగదిలోకి వెళ్ళాను. దానికి కిటికీ లేదు, పగలు కూడా చీకటే. కుండ పక్కకి జరిపేసరికి గోడ మూల పచ్చగా మెరిసింది. ఏదో పురుగు అనుకున్నాను. చెయ్యి పెడితే చల్లటి ఇనుము తగిలింది.

చారు పెట్టలేదు. వాచీని కొంగున ముడేసుకుని డ్యాము నీళ్ళ వైపు నడిచాను. నేను చేరేసరికి మరిది ఒడ్డున వంగి కూర్చుని ఉన్నాడు. ఎడమ చెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది. మావారు పక్కనే నిలబడి, "నిన్న సెప్పింది కాదురా, ఇంకాస్త లోపలికి," అంటున్నారు.

కొంగు విప్పి వాచీని వాళ్ళిద్దరి మధ్యా రాతి మీద పెట్టాను.

మావారు ముందు తేరుకున్నారు. పడవాయన వైపు తిరిగి, "ఈడే! ఈడే దాసుంటాడు! దొంగనా కొడకా!" అని అరిచారు. ఆ ముసలాయన చేతిలో తెడ్డు అలాగే ఆగిపోయింది.

"మన చింతపండు కుండ ఎనకాల దొరికింది," అన్నాను.

మరిది వాచీని చూశాడు. ముట్టుకోలేదు. అన్నగారిని చూశాడు.

"అడిగితే ఇచ్చీసేవోణ్ణి గదా అన్నియ్యా," అన్నాడు.

అంతే. తడి బట్టల మీదే చొక్కా వేసుకుని రోడ్డు మీదికి నడిచాడు. నేను వెనకాల వెళ్ళి పిలిచాను గానీ, అటు వచ్చిన జీపు ఆపి ఎక్కేశాడు. నేను తిరిగొచ్చేసరికి మావారు ఆ వాచీని పంచె అంచుతో తుడిచి చేతికి పెట్టుకుంటున్నారు. ఆయన అబద్ధమాడినందుకు నేను ఎప్పటికో ఒకప్పటికి క్షమించేదాన్నేమో. ఆ తుడవడం మాత్రం క్షమించలేకపోయాను.

"నలుగుర్లో నా పరువు తీసినావు," అన్నారు ఇంటికొచ్చాక. అక్కడ నలుగురు లేరు, పడవాయన ఒక్కడే. ఆ తర్వాత ఆ ముసలాయన మావారిని పడవ ఎక్కనివ్వలేదు. అవతలి సంతకి ఈయన నీళ్ళ చుట్టూ తిరిగి నడిచి వెళ్ళవలసి వచ్చేది. నాతో ఉప్పు, బియ్యం లెక్కలు తప్ప మాటలు తగ్గిపోయాయి. మరిది చెవి మళ్ళీ బాగుపడలేదని, డాక్టర్లు నీళ్ళలోకి దిగొద్దన్నారని, గల్ఫు పని పోయిందని భీమిలి నుంచి వచ్చినవాళ్ళ ద్వారా తెలిసింది.

ఎనభైల్లో ఒకాయన కాఫీ తోటలు చూడ్డానికి వచ్చి మా కొట్టు ముందు ఆగాడు. పాత డైవింగ్ వాచీలు పోగుచేయడం ఆయన సరదా. జేబులోంచి భూతద్దం తీసి చాలాసేపు చూశాడు. అంత ఇష్టంగా ఒక వస్తువుని చూసే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. చూడలేదనడం తప్పు, మా ఇంట్లోనే ఒకాయన ఉన్నారు.

"దీనికి పాలిషు ఎందుకు పట్టించారండీ?" అన్నాడు బాధగా. "ఆ గీతలే కదా దీని అందం. నీళ్ళ అడుగున పనిచేసిన చేతి గుర్తులు అవి. ఎవరిది ఇది? ఆ మనిషి కథ తెలిసి, చేతికి ఇది పెట్టుకున్న ఫోటో ఒకటి ఉంటే, నాలాంటివాడు ఎంతకైనా కొంటాడు."

మావారు మరిది కథ చెప్పడం మొదలుపెట్టారు. గ్రీకు ఓడ, ఇనుప తాడు, రోజంతా నీళ్ళలో మునగడం. చెప్తుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు, అదే నాకు భరించరాని సంగతి. తమ్ముడంటే ఆయనకి ప్రేమే. డ్యాము నీళ్ళ మాట మాత్రం చెప్పలేదు.

మావారు అమ్మడానికి ఒప్పుకుని, తమ్ముడి దగ్గరున్న ఫోటో కోసం నన్ను విశాఖ పంపారు. తను వెళ్ళలేరు కదా. మరిది రేవు దగ్గర చిన్న ఇంట్లో ఉంటున్నాడు, ఐసు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని. నన్ను చూసి సంతోషపడ్డాడు. "ఇటేపు కూకో వొదినా, అటేపు నాకు ఇనపడదు," అన్నాడు. అతని భార్య చేపల పులుసుతో అన్నం పెట్టింది. గోడకి ఆ ఫోటో ఉంది. ఓడ మీద నిలబడి, తడి జుట్టుతో, వాచీ ఉన్న చెయ్యి నడుం మీద పెట్టుకుని నవ్వుతున్నాడు.

ఎందుకొచ్చానో దాచకుండా చెప్పాను. లేచి ఫోటో మేకు నుంచి తీశాడు. చూసుకున్నాడు. మళ్ళీ అదే మేకుకి తగిలించాడు.

"ఇదొక్కటీ నాకుండనీ వొదినా."

తిరిగొచ్చి చెప్తే, "పెంచిన సేతికి ఒక ఫోటో ఇవ్వలేకపోనాడు," అన్నారు మావారు. ఆ పెద్దమనిషి ఫోటో లేకుండానే కొనుక్కుని వెళ్ళాడు, అనుకున్నదానికంటే తక్కువకి. ఆ డబ్బుతో కొట్టుకి ఇనుప తలుపులు పెట్టించారు.

తర్వాతి సంతలో వాచీ ఏదని అందరూ అడిగారు. "తమ్ముడి సెవి వైద్యానికి అమ్మీసినాను," అన్నారు మావారు. వాళ్ళు నమ్మారు. ఒకావిడ నా దగ్గర ఉప్పు కొంటూ, "ఇలాంటి అన్న ఎవరికి దొరుకుతాడమ్మా! నీ అదృష్టం," అంది.

నేను ఉప్పు కొలిచి ఆమె గుడ్డలో పోశాను. ఇంకేం కావాలని అడిగాను.