అన్న రికార్డులు, అవ్వ ఏడుపు

ఆ రోజుల్లో మా ఆదోనిలో ఎవరింట్లోనైనా చావు జరిగితే వీధికి కబురు పంపే పని ఉండేది కాదు. ఆ ఇంటి ఆడవాళ్లు రాగం తీసి ఏడిస్తే చాలు. మట్టి మిద్దెల కప్పులో వెలుతురు కోసం గవాక్షి ఉండేది. ఏడుపు అందులోంచి పైకెక్కి, మిద్దెలన్నీ దాటి, వీధి చివర బొరుగుల బట్టీ దాకా పోయేది. విన్నవాళ్లు చేతిలో పని అక్కడే వదిలేసి వచ్చేవారు. ఇప్పుడు మా వీధిలో అన్నీ సిమెంటు కప్పులే, పక్కింట్లో చావు కూడా ఫోనులో చూసి తెలుసుకుంటున్నారు. అందుకేనేమో, ఒక ఇంగ్లీషు గాయని (పాపం, ఆదోని అనే ఊరొకటుందని కూడా ఆమెకు తెలిసి ఉండదు) మా ఇంట్లో చేసిన గందరగోళం ఈమధ్య తరచుగా గుర్తొస్తోంది.

ఎనభైలు మొదలైన రోజులవి. నాకు ఎమ్మిగనూరులో టీచరు ఉద్యోగం కొత్త. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మా అన్న బొంబాయిలో ఉద్యోగం చేస్తూ, తనతో పనిచేసే అమ్మాయిని ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్నాడు. నాన్న మండిపడ్డాడు. మా అవ్వ, అంటే నాన్నకు అమ్మ, మీ నాన్న కోపం తగ్గనీ, అప్పుడు పిలిపించుకుందాం అంది. కోపం తగ్గేలోపలే ఆ పిల్ల జ్వరంతో పోయింది. మేమెవరం ఆమెను చూడనే లేదు. అన్న ఒక రేకుపెట్టె, మూతలోనే స్పీకరున్న రికార్డు ప్లేయరు, మూడు పెద్ద రికార్డులు పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ రికార్డులు వదినవి. వచ్చినప్పటి నుంచీ అన్న కంట ఒక్క చుక్క రాలేదు. పెడితే తినేవాడు, పలకరిస్తే ఊ అనేవాడు, అంతే. ఏడవని మనిషి లోపల్లోపలే ఎండిపోతాడని అవ్వ బెంగ పెట్టుకుంది.

ఆ రికార్డుల సంగతి చెప్పాలి. ఒక అట్ట మీద ఎర్రటి సముద్రం, అందులో రెక్కలున్న చేప. ఇంకోదాని మీద ఎడారిలో ఒంటరిగా నిలబడ్డ తలుపు. మూడోది ఉత్త నలుపు. రికార్డు ఒక వైపంతా కలిపి ఒకటే పాట. డ్రమ్ములు దబదబా మొదలై, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయేవి. తర్వాత ఎవరో తలుపు గీకుతున్నట్టు గిటారు. ఇక అయిపోయిందిలే అనుకుని మనం లేవబోతుండగా ఒక ఆడగొంతు ఎక్కడో అడుగు నుంచి బయలుదేరి, మాటలేమీ లేకుండా పైకి, ఇంకా పైకి పోయేది. నాకు ముక్క అర్థం కాలేదు. అయినా స్టాఫ్‌రూములో మా ఇంట్లో ప్రయోగాత్మకమైన పాశ్చాత్య సంగీతం వింటామని చెప్పుకున్నాను. దేని గురించమ్మా ఆ పాటలు అని లెక్కల మాస్టారు అడిగితే, తడుముకోకుండా ప్రకృతి గురించండీ అన్నాను (ప్రకృతి అంటే మళ్లీ ఎవరూ ఏమీ అడగరు).

ఒక ఆదివారం పొద్దున అన్న ఎన్నడూ లేనిది శబ్దం బాగా పెంచి, గోడకు తల ఆనించి కూర్చున్నాడు. ఆ గొంతు గవాక్షిలోంచి వీధిలోకి పోయింది. కాసేపటికి ఎదురింటి పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటూ వచ్చింది. ఆమె వెనకాల ఇంకా పదిమంది. మా ఇంట్లో పోవాల్సిన వయసున్నది అవ్వే కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. వాకిట్లోనే చతికిలబడి మొదలుపెట్టేశారు. నీ చేతి కారం ఇంకెవురు పెడతారే అని పెద్దమ్మ రాగం తీసింది. పెరట్లో స్నానం చేస్తున్న అవ్వ ఈ ఏడుపు విని, తడి జుట్టుతోనే వచ్చి వాళ్ల మధ్య కూర్చుని, అలవాటు కొద్దీ తానూ అందుకుంది. కాసేపు ఏడ్చాక పెద్దమ్మ వైపు వంగి మెల్లగా అడిగింది.

"యెవురే పోయింది?"

"నువ్వే గదత్తా" అంది పెద్దమ్మ ముక్కు చీదుతూ, తలెత్తి చూసి కొయ్యబారిపోయింది.

వీధంతా వారం పాటు నవ్వుకుంది. అవ్వ అయితే మురిసిపోయింది. ఎవరెవరు వచ్చారో, ఎవరు నిజంగా ఏడ్చారో, ఎవరు ఉత్తినే మూలిగారో తన చావు తానే చూసుకున్న మనిషి కదా. "నేను సస్తే ఈదంతా వస్తాది, ఇంగ నాకేం బయం ల్యా" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంది. ఆ ధీమా ఆమెకు చాలా పెద్దది. నవ్వనివాడు అన్న ఒక్కడే.

అప్పటినుంచి అన్న రికార్డు పెట్టినప్పుడల్లా అవ్వ వచ్చి ఎదురుగా కూర్చునేది. ఈ తాళమేందప్పా, కుంటిమేక నడిసినట్టుండాది అని విసుక్కుంటూనే, ఆ గొంతు మొదలుకాగానే కళ్లు మూసుకునేది. మాలో చనిపోయినవాళ్లను ఊరికే ఏడవరు. వాళ్లు ఎట్లా నడిచారో, ఏం వండారో, ఎవరికేం పెట్టారో చెప్పుకుంటూ ఏడుస్తారు. చూడని మనవడి పెళ్లాన్ని ఎట్లా ఏడవాలో తెలియక అవ్వ లోపల్లోపలే నలిగిపోయింది. ఒకరోజు అడిగేసింది.

"ఆ పిల్ల యెట్లుండేది సెప్పప్పా. ఏమన్నా తెలిస్తే గదా నేను ఏడ్సేది."

అన్న రికార్డు తిప్పి పెట్టాడు. అవ్వ తర్వాత కూడా అడుగుతూనే ఉంది. ఏం వండేది, జుట్టు ఎంతుండేది, నీ మీద కోపమొస్తే ఏమనేది. ఈలోగా వీధి ఆ గొంతుకు అలవాటు పడిపోయింది. బొంబాయాయన పెండ్లాం పాట పెట్టినాడులే అనుకుని ఎవరి పనుల్లో వాళ్లుండేవారు.

పత్తి బండ్లు మిల్లులకు వచ్చే కాలంలో ఒక పొద్దున, నేను బస్సుకు తయారవుతుండగా, అవ్వ వాకిట్లో ఎండకు కూర్చుని కాఫీ తాగి, లోటా పక్కన పెట్టి, గోడకు ఒరిగిపోయింది. అంతే. అమ్మ గుండెలు బాదుకుని రాగం తీసింది. నేనూ అందుకున్నాను. ఎవరూ రాలేదు. తెరిచిన తలుపులోంచి నాకు ఎదురింటి పెద్దమ్మ కనిపిస్తూనే ఉంది. అరుగు మీద కూర్చుని జొన్నపిండి జల్లించుకుంటోంది. మా ఏడుపు విన్నది, తల కూడా తిప్పలేదు. మేము ఇంకా గట్టిగా ఏడ్చాం. పక్క మిద్దె మీద నుంచి గవాక్షిలోంచి ఒక మాట వినపడింది.

"ఆ పాట రోంత తగ్గీమ్మా, బిడ్డ పండుకోనుంది."

వీధంతా వస్తుందని చెప్పుకున్న ముసలమ్మ దగ్గర అమ్మ, అన్న, నేను ముగ్గురమే ఉన్నాం. నాన్న పని మీద మంత్రాలయం పోయాడు. చావు జరిగిన ఇంటి ఆడవాళ్లు ఇంకో గడప తొక్కకూడదు. ఆ రోజు నాకు కలిగినంత దుఃఖం, అవమానం మళ్లీ ఎప్పుడూ కలగలేదు. అమ్మ అన్న వైపు చూసి, పోయి సెప్పప్పా అంది.

అన్న వీధి గడపలోకి వెళ్లి నిలబడ్డాడు. ద్వారబంధం పట్టుకుని ఒక్కసారిగా పెద్దగా ఏడ్చాడు.

"అడిగితివే అవ్వా, సెప్పకపోతినే. ఆ పిల్ల రొట్టె కొట్టడం నేర్సుకున్యాదే అవ్వా. మీ అవ్వకు జొన్నరొట్టె పెడతానని సేతులు కాల్సుకోని నేర్సుకున్యాదే."

ఎదురింటి పెద్దమ్మ చేతిలో జల్లెడ ఆగిపోయింది. మా రికార్డుల్లో అన్ని రకాల చప్పుళ్లూ ఉన్నాయి గానీ మగగొంతు ఏడుపు లేదు. ఆమె లేచి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఆమెను చూసి మిగతా తలుపులన్నీ తెరుచుకున్నాయి. వీధంతా వచ్చింది. అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని పెద్దమ్మ మొదట అవ్వను ఏడ్చింది, తర్వాత ఆ రొట్టె కొట్టిన పిల్లనూ ఏడ్చింది. ఎన్నాళ్లకో మా వదిన చావుకు మనుషులు వచ్చారు.

ఇప్పుడు ఆ ప్లేయరు పాడైపోయింది. మా అబ్బాయి ఆ పాటలు ఎక్కడో వెతికి అన్న ఫోనులో వేసిచ్చాడు. పెట్టే ముందు ఆయన ఇప్పటికీ గడపలోకి వచ్చి, పాట పెడతాండానమ్మా అని ఎదురింటికి చెప్పి లోపలికి వెళతాడు. ఆ ఇంట్లో ఇప్పుడుండే కొత్తవాళ్లకు ఆ ఫోను చప్పుడు ఎటూ వినపడదు. ఎందుకు చెబుతున్నాడో తెలియక, సరే అంకుల్ అంటారు. నేను ఆదోని వెళ్లినప్పుడు అన్న పక్కన కూర్చుని వింటాను. ప్రకృతి గురించండీ అని లెక్కల మాస్టారికి అంత ధైర్యంగా చెప్పిన ఆ కుర్ర టీచరమ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇప్పుడెవరైనా అడిగితే నా దగ్గర సరైన జవాబుంది. చేతులు కాల్చుకుని జొన్నరొట్టె నేర్చుకున్న ఒక అమ్మాయి గురించి.