ఇంట్లో నార్మల్

రేపల్లె నుంచి తెనాలికి పాసింజరులో మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ నా భార్యకు రక్తం తీశారు, మూడుసార్లూ కాగితం చేతిలో పెట్టి “అంతా నార్మలేనండి” అన్నారు. ఆమె మాత్రం మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకుంటూనే ఉంది.

“నార్మలయితే ఈవిడకి తల ఎందుకు తిరుగుతోందమ్మా?” అని ల్యాబులో కౌంటరు దగ్గరున్న అమ్మాయిని అడిగాను.

“నార్మలన్నది రిపోర్టు, బాబాయ్ గారూ. మనిషి సంగతి డాక్టరు గారు చెప్పాలి.”

ఆ డాక్టరు గారు కాగితం చూసి, మనిషిని చూడకుండానే అదే మాట అన్నారు.

ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండడం మొదలైంది. అది వినపడని చోటూ లేదు. స్టేషన్ దగ్గర నీళ్ల సీసా అడిగితే “కూలింగా, నార్మలా?” అన్నాడు కొట్టతను. పక్కింటి కోడలికి కోత లేకుండా కాన్పయితే అదీ నార్మలే. రాత్రంతా నొప్పులు పడిన ఆ పిల్లనెవరూ అడగలేదు. వీధిలో అన్నదమ్ములు గొడవపడి మళ్లీ మాట్లాడుకుంటే “ఇప్పుడు నార్మలేనండి” అన్నారు. ఇన్నింటికి చోటున్న మాటలో నా భార్య తల తిరగడానికి మాత్రం చోటు లేకపోయింది.

చివరికి బాపట్లలో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన కాగితాలు పక్కన పెట్టి, ఆమెను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు.

“నిలబడగానే పడిపోతోంది. ఈ మధ్య బీపీ మాత్ర మార్చారా?”

మార్చారు. నా డైరీ సంచిలోనే ఉంది, చూసి తేదీ చెప్పాను.

“తల తిరగడం దానికి ముందా, తర్వాతా? తర్వాతయితే మాత్ర వల్లే. ముందయితే గుంటూరు వెళ్లి తలకు స్కానింగ్ తీయించాలి.”

ఉద్యోగంలో చేరిననాటి నుంచి డైరీ రాస్తున్నవాణ్ణి, ధీమాగా పేజీలు తిప్పాను. ప్రతి పేజీ అడుగునా ఒకటే: ‘ఇంట్లో నార్మల్.’ కాలవ లాకుల దగ్గర రోజూ నీటిమట్టం రాసేవాణ్ణి. నీరు గుర్తు దాటకపోతే ‘నార్మల్’ అని ఒక్క మాట రాసి రిజిస్టరు మూసేవాళ్లం. రిటైరయినా చెయ్యి ఆ అలవాటు మానలేదు.

“ఏంటి మాస్టారూ, దొరకలేదా?”

నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను. నా భార్యే అందుకుంది.

“ఆయన పుస్తకంలో వానలుంటాయి, బస్సులుంటాయి, నేనుండనండి. చీరాలలో చీరలు తీసుకున్న రోజే మొదటిసారి తిరిగింది. కొట్లో కూర్చోబెట్టి సోడా పట్టించారు. ఏవండీ, బస్సులో చెప్పాను కదా మీకు?”

చీరాల పేజీ దొరికింది. మాత్ర మార్చిన నాలుగో రోజు. బస్సు బాపట్లలో అరగంట ఆగిందని రాశాను, జల్లు పడిందని రాశాను. సోడా సంగతి లేదు. అడుగున మాత్రం ఆ రెండు మాటలూ ఉన్నాయి.

డాక్టరు గారు ఆ మాత్ర ఆపి వేరేది రాశారు. వారం పాటు పొద్దున లేవగానే ఎలా ఉంటోందో రాసి తెమ్మన్నారు.

మర్నాడు పుస్తకం పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. “లేస్తుంటే తిరిగిందా? ఎంతసేపు?”

“మొహమన్నా కడుక్కోనివ్వరా?” అని విసుక్కుంది. తర్వాత నేను రాస్తున్నది వంగి చూసి, “కొంచెం కాదు, చాలా తిరిగింది. అలా రాయండి” అంది.

‘కొంచెం’ కొట్టేసి, ఆమె చెప్పినట్టే రాశాను.