కాలనీ అనే మాట

డెబ్బైల మొదట్లో పెళ్లయి గుంటూరు వైపు నుంచి పటాన్‌చెరు వచ్చాను. మావారిది ఫ్యాక్టరీ ఉద్యోగం, నాది ఆ ఫ్యాక్టరీ కాలనీ బడిలో టీచరు పని. కాలనీలో ఉంటున్నామని పుట్టింట చెప్పుకోవడం నాకు మహా గొప్ప. కుళాయి తిప్పితే నీళ్లొచ్చేవి మరి!

ఒకరోజు క్లాసులో ఒక పిల్ల, "కాలనీ అంటే ఏంటి టీచర్?" అంది. వరసగా కట్టిన ఇళ్లని చెప్పి ఊరుకోవచ్చు. నాకా ఊరుకునే గుణం లేదు. బడిలోని లావుపాటి డిక్షనరీ తీశాను. ఇంగ్లిషులోకి లాటిన్ నుంచి వచ్చిన మాటట. మూలంలో దున్నేవాడు, రైతు అని అర్థం. కొత్తచోటికి పోయి సాగుచేసుకునేవాళ్ల ఊరు కాలనీ అయింది. తర్వాత దేశాలకు దేశాలే ఆక్రమించి వాటికీ అదే పేరు పెట్టారు. నేను నోరు తెరిచాను. మా కాలనీలో నాగలి పట్టినవాడు ఒక్కడూ లేడు!

మర్నాడు తొలకరి. తెల్లారి తలుపు తీశాను. గుమ్మం ముందు, నా కనకాంబరాలు తొక్కుతూ కాడి కట్టిన జోడెడ్లు! కెవ్వుమన్నాను. వెనకే ఒక ముసలాయన రొప్పుతూ వచ్చాడు.

"బుగులు పడకమ్మా, పొడువయి. ఇంద్రేశం దిక్కు కౌలు భూమికి తోలుకపోతుంటె ఇటు తిరిగినయ్. మొన్నటిదాంక ఇది మా చెలకనే. వాన పడ్డదంటె ఈడికే రావాల్ననుకున్నయ్."

ఇళ్లు కట్టకముందు ఇదంతా బీడు భూమే అని మాకు చెప్పారు. నేను నిలబడ్డ గడప ఈయన దున్నుకున్న చెలకలో ఉందా!

ఇంతలో వాచ్‌మన్ వచ్చి పగ్గం గుంజుకున్నాడు. "కాలనీల ఎడ్లేంది? బందెల దొడ్డిల పెట్టిస్త!"

"ఇయ్యాల విత్తకపోతే అదును పోతది సారూ, ఏడాదంత పస్తే," ముసలాయన చేతులు జోడించాడు.

"తొక్కింది నా మొక్కలు, నీకేం నొప్పి? వదులు!" అని గయ్యిమన్నాను. వదిలాడు.

ముసలాయన నా వైపు తిరిగాడు. "దినాం ఇంటున్న. గీ కాలనీ అంటె ఏందమ్మా?"

"రైతుల ఊరు అని, తాతా."

ఆయన ఇళ్ల వరసకేసి చూశాడు. "మరి నన్నేంది బయటికి తోలుతున్నరు?"

ఆయనే పగ్గం అందుకుని ఎడ్లను మళ్లించబోయాడు. ఎంత అదిలించినా ఎడ్లు కదల్లేదు. చివరికి చెర్నాకోల ఎత్తి ఒక ఎద్దును ఒక్కటి వేశాడు. వెంటనే దెబ్బ తగిలినచోట అరచెయ్యి ఆనించి, దాని మెడలో ముఖం దాచుకుని ఏడ్చాడు.

"నడువుండ్రి బిడ్డా, మనది గాదిది."