మండపానికీ చర్చికీ మధ్య నా కీబోర్డు

మొన్న బత్తలపల్లి కూడలిలో ధర్మవరం బస్సు కోసం నిలబడి ఉంటే ఒక పెళ్లి ఊరేగింపు ఎదురొచ్చింది. లారీ నిండా స్పీకర్లే, వాయించే మనిషి ఒక్కడూ లేడు. ఆ మోతకు పక్కనున్న టీ బంకులో గ్లాసులు గలగలమంటుంటే, పెళ్లిళ్లలో కీబోర్డు వాయించి బతికిన నా పాత రోజులు కళ్లముందుకొచ్చి, వచ్చిన బస్సు కూడా ఎక్కకుండా ఉండిపోయాను.

తొంభైల్లో నేను పెనుకొండలో మా చర్చిలో ఆదివారం ఆరాధనకు వాయిస్తూ, మిగతా రోజుల్లో ధర్మవరంలో తబలా వాయించే, నేను తబలా అన్న అని పిలిచే ఆయనతో కలిసి పెళ్లిళ్లకు తిరిగేవాణ్ణి. ఆయన మగ్గం నేసే మనిషి, నాకంటే బాగా పెద్ద. నేను తాళం తప్పితే కోప్పడేవాడు కాదు, తలెత్తి నావైపు చూసి నవ్వేవాడు; ఆ నవ్వుకే నా వేళ్లు దారిలోకి వచ్చేవి. హిందూపురం పెళ్లిళ్లలో సగం కన్నడ పాటలే అడిగేవారు, అవీ నేర్చుకున్నాం. ఆషాఢంలో మండపాలు మూతపడితే చర్చి పెళ్లిళ్లు, ఈస్టరు ముందు శ్రమదినాల్లో చర్చి పెళ్లిళ్లు ఆగితే మండపం పెళ్లిళ్లు మా రెండిళ్లలో పొయ్యి వెలిగించేవి.

మా పెదనాయన ఆ చర్చిలో పెద్ద. చిన్నప్పుడు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టించింది ఆయనే, అందుకే ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అందరి ముందూ ఆయన అన్న మాట నాకు అంతగా తగిలింది.

"ఏమప్పా, ఆడ విగ్రహాల ముందర వాయించి, ఈడికొచ్చి దేవుని పాటలు వాయిస్తాండావు. ఏదో ఒకటి తేల్చుకో."

పెళ్లిళ్లు వదిలితే ఇల్లు గడవదు, చర్చి వదిలితే నాకు ఊపిరాడదు. మరుసటి వారం వెళ్లేసరికి కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. వెనక గోడకు ఆనుకుని కూర్చుని, వాయిద్యం లేకుండా సాగుతున్న పాటలు వింటూ, అందరితో గొంతు కలపలేక తలొంచుకున్నాను. అలా చాలా వారాలు గడిచాయి. సంగతి తెలిసి తబలా అన్న, "నా కోసం నీకీ తిప్పలొద్దబ్బా, నేను ఇంకెవరితోనన్నా పోతాలే" అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

అంతలో పెదనాయన కూతురికి, అంటే మా అక్కకు, పెళ్లి కుదిరింది. తమ్ముడు వాయించకుంటే చర్చి మెట్టెక్కనని అక్క మొండికేసిందట. ఒక సాయంత్రం పెదనాయన మా ఇంటికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"మీ అక్క అన్నం ముట్టడంలేదప్పా. వచ్చి వాయించు."

"వస్తా పెదనాయనా. తబలా అన్న కూడా వస్తాడు" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

పెళ్లినాడు తబలా అన్న తెల్ల పంచె కట్టుకుని, ఎప్పటిలాగే నుదుట విభూతి పెట్టుకుని వచ్చాడు. లోపల జనాన్ని చూసి వరండాలోనే ఆగి, మైకు బయటికి లాగమన్నాడు. నేను బతిమాలుతుంటే పెదనాయన బయటికొచ్చాడు. ఆయన కాసేపు అన్న నుదుటివంకే చూసి, వంగి తబలా సంచీ తానే చంకనెత్తుకున్నాడు.

"ఈడ కూర్చుంటే లోపల యాడ వినపడ్తాది? రాప్పా" అని ముందు నడిచాడు.

అక్క లోపలికి అడుగుపెడుతుంటే ఆ రోజు మేము వాయించినట్లు మళ్లీ ఎప్పుడూ వాయించలేదు. పెదనాయన తన మాట తప్పని ఏనాడూ అనలేదు గానీ, ఆ తర్వాతి ఆదివారానికి కీబోర్డు మీద గుడ్డ తీసి ఉంది.

ఇప్పుడు పెదనాయన లేడు. తబలా అన్న వేళ్లకు వణుకొచ్చింది, ధర్మవరంలో కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. మా చర్చిలోనూ పాటలు ఫోన్లోంచే వస్తున్నాయి, శ్రుతి, తాళం ఎక్కడా తప్పవు. వాయించేవాడు ఏ దేవుడి ముందు కూర్చున్నాడని అడిగేవాళ్లు లేరు, అది మంచిదే. కానీ వాడు రాకపోతే పెళ్లికూతురు అన్నం మానేసే రోజులు కూడా దాంతోపాటే వెళ్లిపోయాయి.