తలుపు తీసినట్టా, తీసి పారేసినట్టా?

అక్షరదోషాలుంటే మన్నించండి, నేను అయిదో తరగతే చదివాను.

మా ఆయన ఇక్కడ గల్ఫ్‌లో, సీఫ్ అనే చోట ఉన్న ఆఫీసులో, క్యాంపు కార్మికుల సెలవు దరఖాస్తులు చూసే ఏఐని తయారు చేస్తున్నారు. దానికిచ్చే ఒక్కో పనిముట్టు ఏం చేస్తుందో తెలుగులో రాస్తారు. ఆ రాత చదివే అది ఏది వాడాలో ఎంచుకుంటుంది. ఈ రోజు పరీక్షలో, చూపించమన్న దరఖాస్తును చెరిపేసింది. రేపటి నుంచి నిజమైన దరఖాస్తులు వస్తాయి.

“మొద్దుది, మళ్లా గట్లనే చేసింది!” అన్నారు.

తెర మీద, అది వాడిన పనిముట్టు గురించిన రాత చదివి మెల్లగా అడిగాను. “‘దరఖాస్తు తీస్తుంది’ అని రాసిన్రు. తలుపు తీసినట్టా, తీసి పారేసినట్టా? నాకే సమజ్ కాలే.”

ఆయన నాలుక కరుచుకుని, “చెరిపేస్తుంది, చూడడానికి వాడొద్దు” అని మార్చారు. ఈసారి అది వేరే పనిముట్టు ఎంచుకుంది, దరఖాస్తు చక్కగా తెరుచుకుంది.

కళ్లు లేనిది, మన మాటనే నమ్మి నడుస్తోంది! ఇలాంటి రెండర్థాల మాటలు మీకు తోస్తే రాయండి. ఈ పోస్టు మాత్రం ఆయనకు చూపించకండి.